మొదటి కాగితం ఎవరిది?

పోలీస్ స్టేషన్లో ఒక రైటర్ ఉంటాడు. రికార్డులు రాసే కానిస్టేబుల్‌నో హెడ్ కానిస్టేబుల్‌నో మన దగ్గర అందరూ అలాగే పిలుస్తారు. మనమూ రైటర్లమే. కానీ మన సాహిత్య విమర్శ ఆ రైటర్ రాతల జోలికి పెద్దగా పోలేదు. అది సాహిత్యం కాదు కదా అనుకున్నాం. అయితే ఒక స్త్రీ తన మీద జరిగిన హింస గురించి నోరు విప్పినప్పుడు ఆ మాటని మొట్టమొదట కాగితం మీద పెట్టేది అతనే. ఆ తర్వాత పదేళ్లో పదిహేనేళ్లో వకీళ్లూ జడ్జీలూ చదివేది ఆ కాగితాన్ని. ఆమె కోర్టుకొచ్చి మళ్లీ చెప్పినా, ఆ మాటని కాగితంతో పోల్చి చూసి, తేడా ఉంటే ఆమెనే తప్పు పడతారు.

మరి హింస చేసింది పోలీసులే అయినప్పుడు ఆ కాగితం ఎవరు రాస్తారు? చాలా సందర్భాల్లో ఇప్పటికీ పోలీసులే రాస్తారు. పోలీసుల మీద కేసులు ఎందుకు నిలబడవన్న చర్చ వచ్చినప్పుడల్లా మనం తీర్పు దగ్గర మొదలుపెడతాం. జడ్జి ఎందుకు వదిలేశాడు, సాక్షులు ఎందుకు అడ్డం తిరిగారు అని అడుగుతాం. నేను మొదటి కాగితం దగ్గర మొదలుపెడదామనుకుంటున్నాను. నేను లా చదవలేదు. నా పిహెచ్.డి. తెలుగు కథల్లో కోర్టులూ స్త్రీలూ అన్న అంశం మీద. ఒక రచన ముందుంటే దాన్ని ఎవరు రాశారు, ఎవరి గొంతుతో రాశారు, ఎవరి మాట అందులో లేకుండా పోయింది అని అడగడం మా చదువు నేర్పిన పద్ధతి. తెలుగు రాష్ట్రాల్లో స్త్రీలతో ముడిపడిన నాలుగు కేసుల్ని ఆ పద్ధతిలోనే చదువుతాను.

కాగితం భాష

నేనుండేది ఏలూరులో. కొన్నేళ్ల క్రితం కొల్లేటి లంక గ్రామాల ఆడవాళ్లు రాయించుకునే అర్జీల మీద ఒక చిన్న అధ్యయనం చేశాను. చేపల చెరువుల గట్ల తగాదాలు, కౌలు తగాదాలు, మొగుడి తాగుడు, ఏ సంగతైనా వాళ్లు చెప్పేదొకటీ కాగితం మీదకొచ్చేదొకటీ. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుగట్లు పేల్చినప్పుడు చూసిన పోలీసు బందోబస్తు వాళ్లకింకా జ్ఞాపకమే. అందులో ఒకామెకి అరవై ఏళ్లు దాటి ఉంటాయి. గట్టు తగువులో కొడుకుని స్టేషన్‌కి తీసుకెళ్లి కొట్టారని చెప్పింది. ఆమె దగ్గరున్న కాగితం నకలు నేను చదివి వినిపించాను. విచారణ నిమిత్తం పిలిపించగా సదరు వ్యక్తికి కింద పడినందున గాయములు తగిలినవి అని ఉంది. ఆమె కాసేపు ఊరుకుని, "మా వోణ్ణి కొట్టారని చెప్పేనమ్మా నేను. కొట్టినట్టు యాడా లేదే" అంది. చదివి వినిపించమని అడగలేదా అంటే, "ముందు ఏలుముద్ర ఎయ్యమన్నారు" అంది.

ఆ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో క్రియలోనే కర్త ఉంటాడు. "కొట్టారు" అన్నామంటే ఎవరో కొట్టినట్టే. పేరు చెప్పకపోయినా, భయపడి గొంతు తగ్గించినా, ఆ క్రియ చివర కొట్టినవాళ్లు ఉండి తీరతారు. ఆ ముసలామె భాషలో నేరస్తుణ్ణి తప్పించడం కుదరదు. "గాయములు తగిలినవి" అన్న వాక్యంలో కర్త గాయాలే. అవే వచ్చి తగిలాయి. "మరణము సంభవించినది" కూడా అంతే. గ్రాంథికం మీద యుద్ధం చేసి వందేళ్లు దాటింది కానీ స్టేషన్ రాతల్లో ఆ భాష ఇంకా బతికే ఉంది. దానికి కారణం పాత అలవాటు ఒక్కటే కాదు. చేసినవాణ్ణి వాక్యంలోంచి తీసెయ్యడానికి ఆ భాష చాలా అనువుగా ఉంటుంది.

"ఎదురుకాల్పులు" అన్న మాటనీ ఇలాగే చూడాలి. అందులో "ఎదురు" అన్న మాట ఉంది కాబట్టి అవతలివాడు ముందు కాల్చాడన్న తీర్పు దాంట్లోనే ఉంది. విచారణ జరక్కముందే, పత్రికలవాళ్లు ఆ మాట వాడగానే, కేసు సగం ముగిసిపోతుంది. కాగితం మీద జరిగేది ఇంకా విచిత్రం. ఎన్‌కౌంటర్లో మనిషి చనిపోతే ఎఫ్.ఐ.ఆర్. చనిపోయిన మనిషి మీదే రాయడం మన రాష్ట్రంలో దశాబ్దాల పాటు సాగిన పద్ధతి. పోలీసుల మీద హత్యాయత్నం చేశాడన్నది అభియోగం. ముద్దాయి చనిపోయాడు కనక కేసు మూసేస్తారు. చంపినవాళ్ల గురించి అసలు కేసే ఉండదు.

పౌరహక్కుల సంఘం ఏళ్ల తరబడి దీని మీదే పోరాడింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆ చంపడాన్నే నేరంగా నమోదు చెయ్యాలనీ, ఆత్మరక్షణ అన్న వాదనని కోర్టు విచారణలో రుజువు చేసుకోవాలనీ చెప్పింది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు దాని అమలు నిలిపేసింది. 2014లో ఒక మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. ఎఫ్.ఐ.ఆర్. రాయాలంది కానీ ఎవరి మీద రాయాలో స్పష్టంగా చెప్పలేదు. దర్యాప్తు సి.ఐ.డి. గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ చెయ్యాలంది. అంటే స్టేషన్ మారుతుంది, శాఖ మారదు.

మన కథకుల్లో ఈ కాగితాల సంగతి బాగా తెలిసినవాడు రావిశాస్త్రి. ఆయన వకీలు కూడా. "ఆరు సారా కథలు"లోని "మాయ" కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన వకీలుకి పోలీసులూ కోర్టులూ ఎలా నడుస్తాయో పాఠం చెబుతుంది. అయితే పరిశోధన చేస్తున్నప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. ముత్యాలమ్మకి అంతా తెలుసు. ఆ తెలిసిన దాన్ని ఆమె చేత ఎవరూ సాక్ష్యంగా రాయించరు. కథ చదివి మనం వ్యవస్థ ఇంతే అని నిట్టూరుస్తాం. ఆ నిట్టూర్పు దగ్గర ఆగిపోకుండా ముందుకు నడిచిన వాళ్లు ఇద్దరు ముగ్గురు రచయితలు కాదు, ఊళ్లలోంచి వచ్చిన మామూలు ఆడవాళ్లు.

రమీజాబీ: శీలం గురించి రాసిన కాగితం

1978 మార్చి చివర్లో హైదరాబాద్‌లో రమీజాబీ, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ సినిమా చూసి రాత్రి ఇంటికి వెళుతున్నారు. అతను రిక్షా తొక్కేవాడు. పోలీసులు ఆమెని నల్లకుంట స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఆమె మీద అత్యాచారం జరిగింది. అడగబోయిన భర్తని కొట్టారు, అతను చనిపోయాడు. జనం శవంతో స్టేషన్ ముందుకొచ్చారు. కాల్పులు, కర్ఫ్యూ. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది.

కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన అంతా ఆమె ఎలాంటి మనిషన్న దాని చుట్టూనే తిరిగింది. వేశ్య అన్నారు, ఆ పెళ్లి పెళ్లే కాదన్నారు. ఒక మనిషి స్టేషన్ దెబ్బలకి చనిపోయాడా లేదా అన్న ప్రశ్నకి అతని భార్య శీలం ఎలా జవాబవుతుంది? అయినా అప్పటికి అదే జవాబు. కమిషన్ ఆ వాదనని ఒప్పుకోలేదు. అత్యాచారం, హత్య నేరాలకి పోలీసుల మీద కేసు నడపాలని చెప్పింది. ఆ తర్వాత నిందితులు కోరగా కేసు కర్ణాటకలోని రాయచూరు సెషన్స్ కోర్టుకి మారింది. 1981లో అందరూ నిర్దోషులుగా విడుదలయ్యారు.

ఒక న్యాయమూర్తి నమ్మిన మాటలు ఇంకో న్యాయమూర్తి దగ్గర ఎందుకు పనికిరాలేదు? విచారణ కమిషన్ల చట్టం 1952 ప్రకారం కమిషన్ నివేదిక సాక్ష్యం కాదు. ప్రభుత్వం దాన్ని ఒప్పుకోవచ్చు, పక్కన పెట్టనూవచ్చు. క్రిమినల్ కోర్టుకి వెళ్లేసరికి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మళ్లీ పోలీసు ఎఫ్.ఐ.ఆర్., పోలీసు పంచనామా, పోలీసు సాక్షులు. జనం కోపం చల్లారడానికి కమిషన్ నివేదిక పనికొస్తుంది గానీ శిక్ష పడ్డానికి పనికిరాదు.

ఆ కేసే హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన పుట్టడానికి ఒక ప్రేరణ. అదే కాలంలో మహారాష్ట్రలో మథుర కేసు. స్టేషన్లో ఆదివాసీ బాలిక మీద జరిగిన అత్యాచారంలో 1978లో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేసింది. 1979లో నలుగురు లా అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఈ రెండు కేసుల తర్వాత దేశమంతా నడిచిన ఉద్యమం వల్లే 1983లో చట్టం మారింది. కస్టడీ అత్యాచారం ప్రత్యేక నేరమైంది. సంపర్కం జరిగిందని రుజువై, తను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే, కోర్టు దాన్ని నమ్మి మొదలుపెట్టాలన్న 114ఏ సెక్షన్ వచ్చింది. పోలీసుల మీద ప్రాసిక్యూషన్ ఎలా జరగాలన్న విషయంలో మన దేశంలో వచ్చిన గట్టి సంస్కరణ ఇదొకటి. దాన్ని తెచ్చింది స్త్రీల ఉద్యమం. ఇది పౌరహక్కుల వాళ్ల విషయం, మనది కాదు అనుకునేవాళ్లకి ఈ సంగతి గుర్తుచెయ్యాలి.

వాకపల్లి: ఎవరూ చెయ్యని నేరానికి పరిహారం

2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లికి గ్రేహౌండ్స్ దళం కూంబింగ్‌కి వెళ్లింది. ఆ దళం తమ మీద సామూహిక అత్యాచారం చేసిందని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. వాళ్లు ఆ రోజే పాడేరు వచ్చి చెప్పారు. దాచుకోలేదు, ఆలస్యం చెయ్యలేదు. మావోయిస్టులు చెప్పించిన అబద్ధమని అధికారులు అన్నారు. పోలీసు దర్యాప్తు ఆరోపణలకి ఆధారం లేదని తేల్చేసింది. ఆ స్త్రీలు దాన్ని ఒప్పుకోకుండా కోర్టుకి వెళ్లారు. 2012లో హైకోర్టు 13 మంది మీద విచారణ జరగాలంది. పోలీసులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు విచారణ జరిపి తీరాలని చెప్పింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. మధ్యలో దాదాపు పదహారేళ్లు గడిచాయి. తీర్పు నాటికి ఫిర్యాదు చేసిన వాళ్లలో అందరూ బతికి లేరు.

ఆ తీర్పు సాహిత్య విద్యార్థులు తప్పకుండా చదవాల్సిన రచన. నిందితులు విడుదల కావడానికి కారణం దర్యాప్తులోని లోపాలని అందులో ఉంది. అదే తీర్పులో ఆ స్త్రీలకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించాలని కూడా ఉంది. ఒక రచనలో ఇలా రెండు అర్థాలు ఎదురుబొదురుగా నిలబడితే దాన్ని మేం లోతుగా చదవాలంటాం. పరిహారం ఇవ్వమన్నారంటే వాళ్లకి హాని జరిగిందని నమ్మినట్టే గదా అని హక్కుల సంఘాలు అన్నాయి. నాకూ అదే అర్థం తోస్తుంది. అయితే చేసింది ఎవరు? తీర్పులో ఆ గడి ఖాళీగా ఉంది. "గాయములు తగిలినవి" అన్న వాక్యాన్ని కోర్టు అంత పెద్దగా రాస్తే ఇలాగే ఉంటుంది.

అలా ఖాళీగా ఉండడానికి కారణాలు 2023లో పుట్టినవి కావు, 2007వి. దళంలో ఎవరెవరు వెళ్లారో శాఖ దగ్గర లెక్క ఉంటుంది. బాధితులు ముఖాలు గుర్తుపట్టేలా గుర్తింపు పరేడ్ అప్పుడే జరపాలి. అది జరగలేదు. వైద్య పరీక్ష ఎప్పుడు, ఎవరు, ఎలా చేస్తారన్నది కూడా దర్యాప్తు చేసేవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆ మొదటి రోజుల్లో రాయని కాగితాన్ని ఏళ్ల తర్వాత ఏ జడ్జీ రాయలేడు. 1983లో మనం సాధించుకున్న 114ఏ సెక్షన్ ఇక్కడ ఎందుకు అక్కరకి రాలేదో కూడా ఇందులోనే ఉంది. ఒప్పుకోలు లేదన్న దాన్ని ఆ సెక్షన్ నమ్ముతుంది. ఎవరు చేశారన్నది మాత్రం మామూలుగానే రుజువు కావాలి. ఆ రుజువు సేకరించాల్సిన చెయ్యి నిందితుల శాఖది.

నిర్భయ సంఘటన తర్వాత 2013లో అత్యాచార ఫిర్యాదు రాసుకోకపోవడం అధికారికి నేరమైంది. లైంగిక నేరాల్లో ప్రభుత్వోద్యోగి మీద కేసు నడపడానికి ముందు అనుమతి అక్కర్లేదన్నారు. మంచిదే. కానీ రాసుకుని సరిగ్గా రాయకపోతే? పరేడ్ పెట్టకపోతే? వాకపల్లిలో ఫిర్యాదు నమోదైంది, దర్యాప్తూ జరిగింది. చట్టం అడిగినవన్నీ పేరుకి ఉన్నాయి.

మన పేరు మీద

ఇంతవరకూ స్త్రీలు బాధితులైన కేసుల గురించి రాశాను. స్త్రీలకి న్యాయం చేస్తున్నామంటూ పోలీసులు చేసిన హింస గురించి మాట్లాడకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఈ విషయంలో మనలో మనకే ఏకాభిప్రాయం లేదని నాకు తెలుసు.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఆయేషా మీరా హత్య జరిగింది. 2008లో సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. అసలు దోషి అతను కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు. ఎవరి కోసమైతే ఈ కేసు నడుస్తోందో వాళ్ల మాటే ఫైల్లోకి ఎక్కలేదు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేస్తూ లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమంది. అప్పటికి అతని వయసులోంచి ఎనిమిదేళ్లకి పైగా జైల్లో పోయాయి. 2018లో కేసు సి.బి.ఐ.కి వెళ్లింది. తప్పుడు కాగితం రాసిన రోజున నష్టపోయింది సత్యంబాబు ఒక్కడే కాదు. ఆ అమ్మాయికి దక్కాల్సిన న్యాయం కూడా ఆ రోజే పోయింది.

2019 డిసెంబరు 6 మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య కేసులో అరెస్టయిన నలుగుర్ని చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. ఆడవాళ్లు పోలీసుల మీద పూలు చల్లారు. 2008లో వరంగల్ యాసిడ్ దాడి తర్వాత జరిగిన ఎన్‌కౌంటర్‌కీ అలాగే సంబరాలు జరిగాయి. ఆ రోజు నేను తాడేపల్లిగూడెంలో క్లాసులో ఉన్నాను. పిల్లలు మంచి హుషారుగా ఉన్నారు, ఒకమ్మాయి చాక్లెట్లు పంచింది. కాసేపయ్యాక వెనక బెంచీలోంచి కొల్లేటి ఊళ్ల నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, "మేడమ్, రేపు పొరపాటున మా అన్నయ్యనే తీసుకెళితే ఏంటండీ?" అంది. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఎవరూ ఆ అమ్మాయిని వెక్కిరించలేదు. స్టేషన్‌కి ఎవరి ఇళ్లలోంచి మనుషుల్ని తీసుకెళతారో ఆ క్లాసులో చాలామందికి తెలుసు.

ఆ కేసులో మొదటి కాగితం మీద, నిందితులు తుపాకులు లాక్కుని కాల్పులు జరిపారని ఉంది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ మాట నమ్మదగ్గది కాదంది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలంది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది, సుప్రీంకోర్టు విషయాన్ని తెలంగాణ హైకోర్టుకి పంపింది. నివేదిక తర్వాత మళ్లీ వ్యాజ్యాలు. 1978లో ముక్తదర్ కమిషన్ తర్వాత ఏం జరిగిందో చూశాం. నలభై ఏళ్ల తర్వాత కూడా కమిషన్‌కీ ప్రాసిక్యూషన్‌కీ మధ్య అదే అగాధం.

ఆమెకి "దిశ" అని పేరు పెట్టింది కూడా పోలీసులే. ఆ పేరు మీదే మన రాష్ట్రంలో 2019లో బిల్లు తెచ్చారు, దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో మొదటి దిశ స్టేషన్ తెరిచారు. బాధితురాలి పేరు, నేరం కథ, శిక్ష అన్నీ ఒకే శాఖ రాసింది. అందులో ఆమె తరఫున కోర్టు వినాల్సిన సాక్ష్యం లేదు, నిజంగా ఏం జరిగిందో తేలే అవకాశమూ లేదు. రమీజాబీ గురించి శీలం లేనిదని రాసిన కలమూ, ఈ నలుగురి గురించి తుపాకులు లాక్కున్నారని రాసిన కలమూ ఒక శాఖవే. ఒకదాన్ని ఖండించి ఇంకోదానికి పూలు చల్లితే, మర్నాడు మనకి ఆ కలాన్ని ప్రశ్నించే హక్కు మిగలదు.

ఏం మారాలి

2020 మేలో అమెరికాలోని మినియాపోలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాడు. పోలీసుల మొదటి ప్రకటనలో అతనికి ఆరోగ్యం దెబ్బతిని చనిపోయాడన్న అర్థం వచ్చేలా రాశారు. అక్కడా గాయాలు వాటంతటవే తగిలాయి. ఆ ప్రకటనని అబద్ధం చేసింది పదిహేడేళ్ల నల్లజాతి అమ్మాయి డార్నెల్లా ఫ్రేజర్ తీసిన వీడియో. ప్రాసిక్యూషన్ బాధ్యతని స్థానిక అధికారుల నుంచి రాష్ట్ర అటార్నీ జనరల్ తీసుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో ఆ పోలీసు దోషిగా తేలాడు. ఆ అమ్మాయికి పులిట్జర్ ప్రత్యేక గుర్తింపు వచ్చింది. శిక్ష ఎందుకు పడిందంటే మొదటి కాగితానికి పోటీగా ఇంకో రచన ఉంది, కేసు నడిపేవాళ్లు ఆ పోలీసులతో రోజూ కలిసి పనిచేసేవాళ్లు కాదు. ప్రతి వీధిలో అలాంటి అమ్మాయి ఉంటుందని అనుకోలేం కనక, ఆ రెండూ చట్టంలోనే ఉండాలి.

మన చట్టంలో దానికి కావాల్సిన ముక్కలు అక్కడక్కడా ఉన్నాయి. అత్యాచార బాధితురాలి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేట్ నమోదు చెయ్యాలని ఇప్పటికే ఉంది. పోలీసుల మీద వచ్చే ప్రతి హింస ఫిర్యాదుకీ, కొట్టడానికైనా చావుకైనా, ఇదే వర్తించాలి. మొదటి మాట స్టేషన్ రైటర్ దగ్గరకి పోకూడదు, ఆమె సొంత మాటల్లో, అవసరమైతే ఆమె భాష తెలిసిన మనిషి సాయంతో, నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరకి చేరాలి. కస్టడీ చావు మీద జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ 2005 సవరణతో వచ్చింది. కానీ ఆ విచారణ తర్వాత దర్యాప్తు మళ్లీ పోలీసులకే వెళుతుంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రానికీ జిల్లాకీ పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు ఉండాలంది. ఆ సంస్థలకి సొంత దర్యాప్తు సిబ్బంది ఉండాలి, అది పోలీసు శాఖ నుంచి అరువు తెచ్చుకున్నది కాకూడదు. గుర్తింపు పరేడ్, వైద్య పరీక్ష, స్టేషన్ కెమెరాల రికార్డు మొదటి రోజునే ఆ సంస్థ చేతికి వెళ్లాలి. 2020లో సుప్రీంకోర్టు అన్ని స్టేషన్లలో కెమెరాలు పెట్టమంది గానీ, ఆ రికార్డు తాళం నిందితుల స్టేషన్లోనే ఉంటే ఏం లాభం?

ఇంకోటి రుజువు భారం. కస్టడీలో ఉన్న మనిషికి గాయాలైతే, అవి ఎలా అయ్యాయో ఆ సమయానికి కస్టడీలో పెట్టుకున్న అధికారే చెప్పుకోవాలని లా కమిషన్ 1985లోనే తన 113వ నివేదికలో సిఫార్సు చేసింది. అది చట్టం కాలేదు. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ దానికి చోటు దొరకలేదు. కొత్త నేర విచారణ చట్టం, అనుమతి మీద 120 రోజుల్లో ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అంది. ఇది ముందడుగే. కానీ అనుమతి కోసం వెళ్లే ఫైలు ఎవరు రాస్తారన్న ప్రశ్న అలాగే ఉంది. "గాయములు తగిలినవి" అన్న వాక్యానికి విరుగుడు ఆ 113వ నివేదికలోనే ఉంది. కర్త ఎవరో చెప్పాల్సిన బాధ్యత ఆ వాక్యం రాసినవాళ్ల మీదే పెట్టింది కాబట్టి.

శిక్షలు పెంచమనీ జైళ్లు నింపమనీ స్త్రీవాదులు అడగొచ్చా అని కొందరు మిత్రురాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. నేనడుగుతున్నది శిక్ష పెంచమని కాదు. రిక్షా తొక్కేవాడి మీద కేసు ఎలా నడుస్తుందో పోలీసు మీదా అలాగే నడవాలంటున్నాను. తప్పుడు ఫిర్యాదులొస్తే పోలీసులు పని చెయ్యలేరన్న వాదన కూడా ఉంది. నిజాయితీగా పనిచేసే అధికారికి స్వతంత్ర దర్యాప్తే రక్షణ. పై అధికారి మాట కాదనలేని కింది ఉద్యోగులకి, అందులోని మహిళా కానిస్టేబుళ్లకి, నిజం చెప్పే చోటు కూడా అదే అవుతుంది.

సాహిత్యం వాళ్లం ఇందులో ఏం చెయ్యగలం అంటే, చేసిన పని ఒకటి మన ముందే ఉంది. "మనకు తెలియని మన చరిత్ర" పుస్తకంలో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ల నోటితోనే నమోదు చేశారు. అది సాహిత్యంలో కొత్త దారి వేసింది. అదే నైపుణ్యం ఇక్కడ కావాలి. ఎఫ్.ఐ.ఆర్. చదివి వినిపించమని అడిగే హక్కు, ఒక నకలు ఉచితంగా తీసుకునే హక్కు ఫిర్యాదు చేసిన ప్రతివాళ్లకీ చట్టంలో ఉన్నాయి. ఇది మన క్లాసుల్లో చెప్పం. వ్యాసరచన నేర్పుతాం, అర్జీ రాయడం నేర్పం. తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో ఒక కాలేజీ నుంచి నలుగురు పిల్లలు, ఒక వకీలు కలిసి వారానికొక రోజు కూర్చుని, వచ్చినవాళ్లు చెప్పింది చెప్పినట్టు, "కొట్టారు" అంటే "కొట్టారు" అనే రాసి చదివి వినిపిస్తే, చిన్న పనే గానీ ఆ మాట చెరిగిపోకుండా ఉంటుంది.

వాకపల్లి స్త్రీలు పదహారేళ్లు తమ మాట మీద నిలబడ్డారు. వాళ్ల మాట మారలేదు. మారాల్సింది ఆ మాటని రాసుకునే కాగితం, దాన్ని పట్టుకునే చెయ్యి. పోలీసుల్ని కోర్టు ముందు నిలబెట్టే పద్ధతిని మార్చమని అడిగే ఏ డిమాండ్ పత్రంలోనైనా మొదటి వాక్యం అదే కావాలి. ఆ పత్రం కింద సంతకాలు చెయ్యాల్సిన వాళ్లలో మనం ముందుండాలి.